పళ్లు చూసి బేరం

మా వైపు పశువుల సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా దాని కొమ్ములు చూడడు, రంగు చూడడు. కింది పెదవి లాగి పళ్లు చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా అని లెక్క తేల్చుకున్నాకే తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్లతో బేరం మొదలుపెడతాడు. అదే ఇంట్లో తురుము పీట కొనాల్సి వచ్చినప్పుడు పళ్ల మీద ఎవరి చూపూ పడదు. పిడి రంగు నచ్చితే చాలు, ధర కుదిరితే చాలు. ఆర్నెల్లు తిరక్కుండా ఆ పీట అటకెక్కుతుంది. తురుము పీటలో పళ్లే పీట. మిగిలిందంతా ఆ పళ్లను కదలకుండా పట్టుకునే ఏర్పాటు.

ఈ సంగతి నాకు తెలిసింది బి.కొత్తకోటలో, ఒక పెళ్లిలో. తెల్లవారుజాము మూడు గంటలు. కల్యాణ మండపం వెనక రేకుల పందిట్లో గాడిపొయ్యిలు రాజుకుంటున్నాయి. పొద్దున టిఫినుకు ఇడ్లీ, టెంకాయ చట్నీ. ముగ్గురు ఆడవాళ్లు ఈలపీటల మీద కూర్చుని, ఈల కొనన ఉండే గుండ్రటి పళ్ల బిళ్ల మీద టెంకాయ చిప్పలు తిప్పుతున్నారు. అందరికన్నా వయసులో పెద్దామె చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఆమె ముందున్న కుప్ప మాత్రం తక్కిన ఇద్దరి కుప్పలూ కలిపినంత ఉంది.

"పెద్దమ్మా, నీ చేతివాటం గొప్పది" అన్నాను.

"చేతిదేముంది నాయనా, ఇది నా పీట. ఏ పెండ్లికి పోయినా సంకన పెట్టుకుని పోతా. వాళ్లు కూచునిండేది మండపంలో ఉండేవి" అంది తల ఎత్తకుండానే.

పక్కనే పోపు చూస్తున్న వంట మేస్త్రి మాట కలిపాడు. "పండ్లు బాగుంటే చెయ్యి నొయ్యదు సామీ. పండ్లు మొద్దుబారితే చెయ్యీ పోతాది, చట్నీ పోతాది."

చెయ్యి పోవడం అప్పుడే అర్థమైంది. చట్నీ ఎందుకు పోతుందో తెలియడానికి మాత్రం కొంత కాలం పట్టింది. పచ్చి టెంకాయలో దాదాపు సగం నీరు, మూడో వంతు కొవ్వు. ఆ రెండూ కంటికి కనపడనంత చిన్న కణాల గదుల్లో బంధమై ఉంటాయి. పదునైన పన్ను ఆ గదుల్ని కోసుకుంటూ పోతుంది. తురుము తెల్లగా, పొడిపొడిగా రాలుతుంది. మొద్దు పన్ను కొయ్యదు, నలుపుతుంది. పాలు ముందే కారి పీట జిడ్డు కడుతుంది, తురుము ముద్దగా పడుతుంది. పని సాగక మనిషి ఇంకాస్త నొక్కుతుంది. నొక్కేసరికి చిప్పకు అంటుకున్న గోధుమరంగు పొర కూడా లేచివస్తుంది. చట్నీ రంగు మారుతుంది, వగరు దిగుతుంది. పాలు కారిన తురుము తొందరగా పులుస్తుంది కూడా. ఎండాకాలం పెళ్లిళ్లలో పొద్దున పదింటికే చట్నీ పులిసిందంటే తప్పంతా ఎండది కాదు.

మాట వచ్చింది కాబట్టి పేర్ల సంగతీ చెప్పుకుందాం. మా వైపు టెంకాయ అంటే పచ్చిది, కొబ్బరి అంటే ఎండుది. గోదావరి వాళ్లకు రెండూ కొబ్బరే. తురిమింది కొబ్బరి కోరు, తురిమే పనిముట్టు కోరాము. కుప్పం పోతే ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. మనం తురుము అంటే కన్నడిగులు తురి అంటారు, తమిళులు తురువు అంటారు. ఒకే చెట్టు కొమ్మలు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఆ ఊళ్లో ఈ చుట్టరికం చూడ్డానికి గ్రంథాలయం దాకా పోనక్కర్లేదు. ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర అయిన మర్నాడు వంటిళ్లలోకి తొంగిచూస్తే చాలు. అమ్మవారికి కొట్టిన టెంకాయ చిప్పలు ఇంటింటా ఉంటాయి, మూడు భాషల్లోనూ పీటలు కిందికి దిగుతాయి. చౌడేపల్లె మండలంలోని బోయకొండ గంగమ్మ దగ్గరికి ఆదివారం పోయొచ్చిన పుంగనూరు ఇళ్లలో సోమవారం పొద్దున అదే చప్పుడు.

అటక మీద ఏడాది

హార్స్లీ కొండ బి.కొత్తకోట మండలంలోదే. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తు. అక్కడ ఒక విడిదిలో వంట చేసే కుర్రాడు మా మండలంవాడు, బెంగళూరు హోటల్లో పని నేర్చుకుని వచ్చాడు. జనవరిలో ఒక పొద్దున అతని వంటింట్లో కూర్చున్నాను. కిటికీలో పెట్టిన కొబ్బరినూనె సీసా తెల్లగా గడ్డకట్టింది. అతను పసుపుపచ్చటి చీజ్ ముక్క ఒకటి తీసి, సన్నగా పొడవుగా ఉన్న ఉక్కు రేకు మీద రెండుసార్లు నడిపాడు. పాస్తా మీద నూగులా రాలింది.

"అన్నా, ఇది గట్టి చీజ్. ఏడాదికి పైగా మాగబెట్టిండేది. ముక్క కోసి నోట్లో వేసుకుంటే రుచి తెలిసే లోపల పన్ను నొస్తాది. ఇట్ల తురిమితేనే దాని గుణం తెలిసేది."

పక్కనున్న డబ్బాలోంచి నేనొక ఎండు కొబ్బరి చిప్ప తీసి, అదే రేకు మీద రెండుసార్లు నడిపాను. అదే నూగు. అదే తేలిక. కొబ్బరి వాసన మాత్రం వంటిల్లంతా కమ్మింది. మన వంటింటి గట్టి చీజ్ ఏదో నాకు ఆ క్షణంలో తెలిసింది.

పోలిక పైపైది కాదు. ఇటలీ గట్టి చీజ్ పార్మెసాన్ అసలు పేరు పార్మిజానో రెజ్జానో. దాదాపు 550 లీటర్ల పాలు విరిస్తే 40 కిలోల చక్రం ఒకటి తయారవుతుంది. దాన్ని చల్లటి గదిలో చెక్క అరల మీద కనీసం 12 నెలలు ఉంచుతారు. ఇప్పుడు మన పక్కన తుమకూరు జిల్లా తిప్టూరు చూడండి, దేశానికంతా ఎండు కొబ్బరి పంపే ఊరు. అక్కడ ముదిరిన కాయలను పగలగొట్టకుండా అటక మీద పరిచి ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా వదిలేస్తారు. లోపలి నీళ్లు ఇంకి, కండ ఎండి, చిప్పను వదిలేస్తుంది. కాయ ఊపితే లోపల ఉండ దొర్లిన చప్పుడు వస్తుంది. దాన్నే కోనసీమలో కురిడీ అంటారు, అంబాజీపేట మార్కెట్లో దాని బేరం వేరే. పచ్చి టెంకాయలో సగం ఉన్న నీరు ఎండు కొబ్బరిలో ఆరేడు శాతానికి దిగుతుంది, నూనె అరవై శాతం దాటుతుంది. చీజ్‌లోనూ అంతే, నీరు పోయి కొవ్వూ ఉప్పూ మాంసకృత్తులూ బిగుసుకుంటాయి. రెండింటికీ కాలమే వంటవాడు.

అంత కాలం బిగిసిన రుచిని విప్పేది తురుము పీట. ఒక సెంటీమీటరు ముక్కకు ఆరు పక్కలు, మొత్తం ఆరు చదరపు సెంటీమీటర్ల ఒళ్లు. దాన్నే ఒక మిల్లీమీటరు నలుసులుగా చేస్తే అరవై చదరపు సెంటీమీటర్లు. అదే కొబ్బరి, అదే బరువు, నాలుకకూ వేడికీ తగిలే మేర పదింతలు. నాటుకోడి పులుసులో కొబ్బరి ముక్కలు వేసి ఉడికిస్తే ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. మెత్తగా తురిమి, వేయించి, గసగసాలతో నూరి వేస్తే పులుసు చిక్కబడి సంగటి ముద్దను పట్టుకుంటుంది. తెల్లగడ్డ వేసి దంచే కొబ్బరి కారానికీ అదే సూత్రం.

ఈ ఎరుక కొత్తది కాదు. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ కావ్యం పదకొండో సర్గలో, యుద్ధం నుంచి అలసి వచ్చిన వాళ్లకిచ్చే మద్యంలోకి ఒక స్త్రీ కంచు తురుము పీట మీద మేక చీజ్ తురుముతుంది. గ్రీసులోని లెఫ్కాండిలో క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దం నాటి సమాధుల్లో యోధుల పక్కన కంచు తురుము పీటలు దొరికాయి. కత్తితో పాటు తురుము పీటను కూడా వెంట పంపారంటే, దాన్ని ఎంత విలువైన వస్తువుగా ఎంచారో ఊహించుకోవచ్చు. పెద్దమ్మ ఈలపీటను సంకన పెట్టుకుని ఊరూరా తిరగడం నాకు ఆ వరసలోదిగానే కనిపిస్తుంది.

మరి పాలకు పేరుపడ్డ పుంగనూరు ఆవు ఉన్న నేల మీద గట్టి చీజ్ ఎందుకు పుట్టలేదు? మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఆ ఆవు పాలు చిక్కన, వెన్న ఎక్కువ. కానీ రోజుకు ఇచ్చేది మూడు నుంచి ఐదు లీటర్లు. నాలుగు లీటర్ల లెక్కన ఒక్క పార్మెసాన్ చక్రానికి ఒక ఆవు నాలుగున్నర నెలలు పాలివ్వాలి. దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో పాలు విరవడం మన ఇళ్లు ఒప్పుకునే పని కాదు. నెలల తరబడి చల్లగా ఉండే నేలమాళిగలూ మనకు లేవు. మన పాలు పెరుగై, వెన్నై, నెయ్యై నిలిచాయి. మాగబెట్టే పని మాత్రం టెంకాయకు దక్కింది.

పొడిచిన పన్ను, తినిపించిన పన్ను

అంగడిలో దొరికే పీటల పళ్లు రెండు రకాలుగా తయారవుతాయి. ఎక్కువ భాగం పొడిచిన పళ్లు. రేకును అచ్చు కింద పెట్టి పోటు వేస్తే చిల్లు పడి, అంచు పైకి లేస్తుంది. ఆ లేచిన అంచే పన్ను. ఇది చిరిగిన లోహం, కోసిన లోహం కాదు. కొత్తలో గరుకుగా ఉండి బాగా తురిమినట్టే ఉంటుంది. గట్టి కొబ్బరి నాలుగు వారాలు తగిలేసరికి ఆ అంచు వెనక్కి మడుచుకుపోతుంది. తిరునాళ్లలో ముచ్చటపడి నేను కొన్న పీట ఒకటి ఉంది. రేకు మీద మెరుపు పూత. రెండో నెలకు పూత పొలుసులుగా లేచి తురుములో కలిసింది. దాన్ని ఆ రోజే పారేశాను. మెరుపు పూత లేచిన పీటను ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచుకోకూడదు.

రెండోది ఆమ్లంతో తినిపించిన పన్ను. ఉక్కు రేకు మీద కావలసిన గీతలు వదిలి మిగతాది కప్పేసి ఆమ్లంలో ముంచుతారు. ఆమ్లం తిన్న చోట చిల్లు, ఆ చిల్లు అంచు మంగలి కత్తిలా మిగులుతుంది. కుర్రాడి చేతిలో ఉన్న రేకు ఈ జాతిదే. అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో మైక్రోప్లేన్ పేరుతో పుట్టిన ఈ రేకు మొదట వంటింటిది కాదు, వడ్రంగిది. చెక్కను రాచే ఆకురాయిగా అమ్మారు. 1994లో కెనడాలోని ఒట్టావాలో లోరెయిన్ లీ అనే ఇల్లాలు నారింజ కేకు చేస్తూ, పాత తురుము పీట తొక్కను చింపుతుంటే విసిగి, భర్త పనిముట్ల దుకాణం నుంచి తెచ్చిన ఆ ఆకురాయి మీద నారింజను రుద్దింది. తొక్క పైపొర మాత్రం సన్నగా లేచింది. ఆ దుకాణం జాబితాలో ఆ సంగతి అచ్చయ్యాక వడ్రంగి వస్తువు ప్రపంచం వంటిళ్లన్నిటికీ చేరింది.

అలాగని ఆ రేకునే అందరూ కొనాలని చెప్పను. ఎండు కొబ్బరిని పిండిలా రాల్చడానికి, జాజికాయకు, శొంఠికి, గట్టి చీజ్‌కు అంతకన్నా మంచిది లేదు. పచ్చి టెంకాయ దాని మీద పెడితే సందులన్నీ పాలతో పూడిపోతాయి. బెల్లం అచ్చు దాని మీద తురిమితే పన్ను వంగుతుంది. పదునైన పన్ను పలచగా ఉంటుంది, పలచటి పన్ను బండపనికి ఓర్వదు. బెల్లానికి పెద్ద చిల్లుల మందపాటి పీట, పచ్చి టెంకాయకు ఈలపీట కొన, ఎండు కొబ్బరికి సన్న పళ్ల రేకు. ఒకే పీటతో అన్నీ చేయాలనుకోవడమే పీటలు చెడడానికి మొదటి కారణం. మామిడికాయ, టమాటా లాంటి పులుపు వస్తువులు ఇనుము మీద తురమొద్దు. ఇనుము నల్లబడుతుంది, పచ్చడీ నల్లబడుతుంది.

కొనేటప్పుడు పీటను వెలుతురుకు అడ్డంగా పట్టి, పళ్ల వరస వెంట చూపు పోనివ్వండి. పదునైన అంచు వెలుగును పట్టుకోదు, సన్నటి చీకటి గీతలా కనిపిస్తుంది. మొద్దు అంచు తెల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత బొటనవేలి గోరును పన్నుకు మెల్లగా ఆనించండి. గోరు జారితే వద్దు, పట్టుకుంటే మంచిది. రేకును రెండు చేతుల మధ్య కొంచెం వంచి చూడండి. చట్రంలో ఊగితే గట్టి కొబ్బరి కింద అది ఇంకా ఊగుతుంది, వేళ్లు తెగేది అక్కడే. రేకు చట్రంలో కలిసే మూలలు చూడండి. గోరు దూరే సందు ఉంటే అందులో తురుము ఇరుక్కుంటుంది, తీయడం ఎవరి వల్లా కాదు.

అయస్కాంతం మాట నమ్మొద్దు

పాత్రల అంగళ్లలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. అయస్కాంతం అంటుకుంటే నాసి ఉక్కు, అంటుకోకపోతే మంచి ఉక్కు అని. గిన్నె కొనేటప్పుడు దానిలో కొంత నిజముంది. నికెల్ కలిపిన 304 రకం ఉక్కు అయస్కాంతానికి లొంగదు, తుప్పుకూ లొంగదు. అయితే నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 వరస చౌక ఉక్కు కూడా అయస్కాంతానికి లొంగదు. తుప్పు మాత్రం ముందే పడుతుంది. పళ్ల సంగతికి వస్తే ఆ పరీక్ష తలకిందులవుతుంది. చాకులకు వాడే 420 లాంటి ఉక్కును కాల్చి, చల్లార్చి గట్టిపరుస్తారు. దానికి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. పదును నిలిచేది అలాంటి ఉక్కుకే. పిడి, చట్రం, పళ్లెం 304 అయితే మేలు. పన్నుకు మాత్రం గట్టిదనం ముందు, మెరుపు తర్వాత. అయస్కాంతం అంటుకుందని మంచి పళ్ల బిళ్లను పక్కన పెట్టేసిన వాళ్లను నేను చూశాను.

పెద్ద వంటలకు

వంద మందికి మించిన వంటకు ఈలపీట నడుము విరుస్తుంది. అక్కడ మోటారు తురుము యంత్రం కావాలి. ఉల్లిగడ్డంత పళ్ల ఉండ తిరుగుతుంటుంది, అర చిప్పను దానికి తొడిగి పట్టుకోవాలి. కోయంబత్తూరు గ్రైండర్లకు కూడా ఈ ఉండను బిగించుకునే ఏర్పాటు వస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన గ్రైండర్లు అవి. మా మండలాల ఇళ్లకు ఎక్కువగా చేరేవీ అవే. ఉండను విప్పి తీయగలమా లేదా అన్నది మొదట చూడాలి. విప్పలేని ఉండను ఎవరూ సరిగ్గా కడగలేరు, పదును పోయినప్పుడు మార్చనూ లేరు. మీటను మోచేత్తోనో మోకాలితోనో అయినా ఆపగలిగే చోట ఉందా చూడాలి. రెండు చేతులూ చిప్ప మీద ఉన్నప్పుడు దూరంగా ఉన్న మీట ఉన్నా లేనట్టే. తడి నేల మీద నడిచే యంత్రం కాబట్టి ఎర్తు తీగ తప్పనిసరి. గాజులు తీసేయాలి, కొంగు బిగించాలి, చిప్ప అడుగుకు వచ్చేసరికి వేలు ఉండకు దూరంగా ఉండాలి. చివరి పొర వదిలేస్తే పోయేది చెంచాడు తురుము, దానికోసం వేలు పణం పెట్టకూడదు.

వేసవిలో ఎండు కొబ్బరి తురిమే మేస్త్రులకు ఒక మాట. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కొండ మీద జనవరి పొద్దున నా చేతిలో కొబ్బరి నూగులా రాలడానికి కారణం అదే, నూనె గడ్డకట్టి ఉంది. మే నెలలో మదనపల్లె మధ్యాహ్నం అదే కొబ్బరి అదే రేకు మీద జిడ్డు ముద్దవుతుంది. తురిమే ముందు చిప్పల్ని ఒక గంట ఫ్రిజ్‌లో పెడితే పళ్లు పూడవు. చీజ్‌కూ ఇదే పద్ధతి, చల్లగా తీసి అప్పటికప్పుడు తురమాలి. ప్యాకెట్లలో వచ్చే చీజ్ పొడి ఉండకట్టకుండా చాలావాటిలో సెల్యులోజ్ కలుపుతారు. ముక్క కొని ఇంట్లో తురుముకున్న దానికి అది సాటిరాదు.

కడగడంలో ఉంది ఆయుష్షు

పీటను చంపేది తురమడం కాదు, తురిమిన తర్వాత తొట్టిలో పడేయడం. టెంకాయ కొవ్వులో దాదాపు సగం లారిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. పళ్ల సందుల్లో మిగిలిన తురుము తడికి చెడినప్పుడు ఆ ఆమ్లం విడిపడి సబ్బు వాసన వేస్తుంది. సబ్బుల తయారీకి వాడే కొబ్బరినూనెలో ఉండేదీ ఆ ఆమ్లమే. మర్నాటి చట్నీలో సబ్బు రుచి తగిలితే చాలామంది గిన్నె సరిగ్గా కడగలేదనుకుంటారు. చూడాల్సింది పీట పళ్ల వెనక.

కొబ్బరి జిడ్డుకు గోరువెచ్చటి నీళ్లు, కొద్దిగా సబ్బు. చీజ్‌కు మాత్రం మొదట చన్నీళ్లే. వేడినీళ్లు తగిలితే అందులోని మాంసకృత్తు బిగుసుకుని పళ్లకు బంకలా అంటుకుంటుంది. ఏదైనా పళ్ల వెనక వైపు నుంచి, పళ్లు తిరిగిన దిక్కులో, గట్టి కుచ్చుల బ్రష్షుతో తోమాలి. ఎదురు తోమితే బ్రష్షు కుచ్చు తెగుతుంది, వేలూ తెగుతుంది. ఇనుప పీచు వద్దు, అది పదును అరగదీస్తుంది. ఉప్పు తగిలిన పీటను రాత్రంతా వదిలేసినా, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టినా స్టెయిన్‌లెస్ ఉక్కులో కూడా చిన్న చిన్న గుంటలు పడతాయి. కడిగిన వెంటనే గుడ్డతో అద్ది, ఎండలో నిలబెట్టాలి. బోర్లించి పెడితే నీళ్లు పళ్ల కొనల్లోనే నిలుస్తాయి.

మా పడమటి మండలాల్లో వెయ్యి అడుగుల బోర్లు కొత్త కాదు. ఆ నీళ్ల ఉప్పు పళ్ల మీద తెల్లగా పేరుకుంటుంది, పేరుకున్న చోట పదును కనపడదు. నెలకోసారి చింతపండు నీళ్లలోనో నిమ్మరసంలోనో పది నిమిషాలు ఉంచి, తోమి, బాగా కడిగి ఆరబెడితే తెలుపు పోతుంది. ఇది ఉక్కు రేకులకే. ఇనుప ఈలపీటను పులుపులో నానబెడితే మర్నాడు తుప్పు. దానికి శనక్కాయ నూనె ఒక చుక్క గుడ్డ మీద వేసి పళ్లన్నీ తుడిచి, గోడకు తగిలించడమే మందు.

పదును సంగతి. ఇనుప ఈలపీట కొనను మూడంచుల ఆకురాయితో మళ్లీ పదును పట్టవచ్చు. ఒక్కో పన్ను సందులో మూడు నాలుగు తోపులు, అన్నీ ఒకే వైపుకు. ముందుకు తోయాలే తప్ప వెనక్కి లాగకూడదు. చేతకాకపోతే కమ్మరి దగ్గరికి తీసుకుపోవాలి. సానపట్టేవాళ్లు వీధిలోకి వస్తే ఈలకు సాన పట్టించండి, పళ్లను మాత్రం చక్రానికి ఇవ్వొద్దు. గుండ్రటి రాయి పన్నుల మధ్య పల్లాన్ని చేరదు, కొనల్నే అరగదీస్తుంది. ఆకురాయి పట్టాక పీటను కడిగి, తడిగుడ్డతో తుడిచి, చివరికి ఒక అయస్కాంతాన్ని పళ్ల మీదుగా నడపండి. ఇనుప రజను అంతా దానికి అంటుకుని వస్తుంది. అయస్కాంతం నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

ఆమ్లంతో తినిపించిన రేకులకు పదును పట్టే పద్ధతి లేదు. అరిగితే మార్చడమే. అరగకుండా ఉంచుకోవడం మాత్రం మన చేతిలో పని. గరిటెలు, గ్లాసులు ఉన్న సొరుగులో వాటిని పడేస్తే లోహం లోహాన్ని కొరుకుతుంది. ఒక అట్ట తొడుగు కుట్టి అందులో పెడితే ఆ రేకు ఏళ్ల తరబడి వస్తుంది. తురిమేటప్పుడు నొక్కడం కూడా అనవసరం. కొబ్బరి బరువు, చేతి నడక చాలు. నొక్కాల్సి వస్తోందంటే పన్ను పోయిందని అర్థం.

ఆ పెళ్లి అయిన కొన్ని నెలలకు అదే మేస్త్రి వేరే పెళ్లిలో కనిపించాడు. ఈసారి మండపం పీటలు కావు, మూడు ఈలపీటలు సొంతంగా తెచ్చుకున్నాడు. పళ్లకు గుడ్డ చుట్టి, గోనెసంచిలో విడివిడిగా పెట్టి. "కత్తులు, గరిటెలు ఎవురివైనా పని జరిగిపోతాది సామీ. పండ్లుండేది మాత్రం మనదే ఉండల్ల" అన్నాడు.

ఉగాది ఓళిగలకు కొబ్బరి తురమబోయే ముందు మీ ఇంటి పీటను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ఇనుపదై ఉండి పళ్లు మెరుస్తుంటే కమ్మరి దగ్గరికి పంపండి. పూత లేచిందైతే ఆ రోజే పారేయండి. కొత్తది కొనాల్సి వస్తే అంగడివాడిని డబ్బాలోంచి బయటికి తీయమనండి, గోరు ఆనించి, పళ్లు చూసి, ఆ తర్వాతే ధర అడగండి.